చూరు కింద

ఆ హాల్లో నాకు ఇచ్చిన చోటు మూడో గాజు పెట్టె పక్కన. ఎనిమిది గంటలు నిలబడాలి. కూర్చోకూడదు, గోడకు ఆనకూడదు, ఎవరైనా అడిగితే తప్ప మాట్లాడకూడదు. దోహాలో ఆ మ్యూజియానికి గార్డులను పంపే కంపెనీలో నాకు ఇది ఏడో ఏడు. అంతకుముందు జగిత్యాల దగ్గర ఒక ప్రైవేటు బడిలో సోషల్ చెప్పేవాణ్ణి. ఆ సంగతి తెలిసి తోటి గార్డులు నన్ను మాస్టారు అంటారు.

ఈ చలికాలంలో ఐరోపా నుంచి ఒక ప్రదర్శన వచ్చింది. రోమన్ల కాలంలో ఒక రోడ్డు పక్కన పుట్టి, మూడు నాలుగు వందల ఏళ్ళు బతికి, లేకుండా పోయిన చిన్న పట్నం గురించి. అందులో రాజులు లేరు, కోట లేదు. ఎవరూ దానికి పునాది రాయి వేయలేదు. సైన్యం నడవడానికి రోడ్డు వేశారు. రోడ్డు మీద పోయేవాళ్ళకు ఆకలి వేస్తుంది, గుర్రం అలిసిపోతుంది, బండి ఇరుసు విరుగుతుంది. అందుకని ఒకడు రొట్టెల పొయ్యి పెట్టాడు, ఒకడు కొలిమి పెట్టాడు, ఒకడు సత్రం కట్టాడు. సర్కారు వార్తాహరులు గుర్రాలు మార్చుకోవడానికి ఒక శాల వచ్చింది. ఇళ్ళన్నీ రోడ్డుకు ముఖం పెట్టి, సన్నగా, పొడుగ్గా వెనక్కి సాగుతాయి. ముందు దుకాణం, మధ్యలో పని చేసుకునే చోటు, వెనక కాపురం, ఆ వెనక బావి, పెంటకుప్ప. గిరాకీ వచ్చేది రోడ్డు నుంచే గనక రోడ్డు వైపు జాగా కోసం అందరూ ఇరుక్కుని ఉన్నారు.

ఇదంతా గోడల మీద రాసి ఉంది. నేను రోజూ చదివేవాణ్ణి. మొదటి రెండు రోజులు పాఠంలా చదివాను. మా జిల్లా తవ్వకాల్లోనూ రోమన్ నాణేలు దొరికాయని ఒకప్పుడు పిల్లలకు నేనే చెప్పాను. మూడో రోజు నుంచి మాత్రం అది పాఠంలా లేదు. మా ఇల్లు ఎక్స్‌రోడ్డు మీద ఉంది.

మా వైపు పెద్దరోడ్డు నుంచి ఊరి దారి చీలే చోటును ఎక్స్‌రోడ్డు అంటారు. ఊరు రెండు కిలోమీటర్లు లోపల. ఊరికి బొడ్రాయి ఉంది, ఎక్స్‌రోడ్డుకు లేదు. పంక్చర్ షాపు, ఎరువుల దుకాణం, చికెన్ సెంటర్, మా చాయ్ హోటల్. మాది కూడా ముందు హోటలు, వెనక రెండు గదులు, ఆ వెనక బోరింగు. మా అమ్మ, నా భార్య, మా నాలుగేళ్ళ పాప అక్కడ ఉంటారు. అమ్మను మేము అవ్వ అని పిలుస్తాం.

ప్రదర్శనలో పెట్టిన రొట్టెల పొయ్యి దగ్గర నిలబడే గార్డు కోనసీమ మనిషి. ఉమ్ ఘువైలినాలో కంపెనీ ఇచ్చిన ఫ్లాట్‌లో నా పక్క మంచం అతనిదే.

"మాస్టారూ, ఇదేంటండీ, మీ బస్టాపు తవ్వుకొచ్చి ఇక్కడ పెట్టినట్టున్నారు," అన్నాడు ఒకరోజు బస్సులో. "మీ హోటలు ఫోటో చూపించారు కదా, అచ్చం అదే. దీనికి టిక్కెట్టు పెడితే జనం ఎగబడి చూస్తన్నారు. మన హోటల్ని కూడా ఎప్పుడో ఎవడో తవ్వుతాడంటారా?"

"ఎప్పుడో కాదు. వచ్చే నెలే జేసీబీ వస్తుంది," అన్నాను.

రోడ్డు వెడల్పు చేస్తున్నారు. మా ఇంటి గోడ మీద ఎర్ర రంగుతో గుర్తు వేసి వెళ్ళారు. ముందు హోటలే కాదు, వెనక బోరింగు దాకా పోతుంది. నష్టపరిహారం కాగితాల మీద నేను ఇక్కడి నుంచే సంతకం చేసి పంపాను. మెట్‌పల్లిలో అద్దెకు రెండు గదులు కూడా మాట్లాడాను. నా భార్య మాత్రం కదలనంది.

"అందరు పోతున్నరు గదా. పంక్చరాయిన కూడ సామాన్లు కట్టుకున్నడట," అన్నాను ఫోన్లో.

"ఆయినె పోతె పోనీ. ఆయినెకేమున్నది, పానా పట్కారే గదా."

"నీకేమున్నది మరి?"

"నాకున్నది."

ఏమున్నదో చెప్పలేదు. రోజూ ఇదే. చదువుకున్నదానివి ఇంత మొండితనమా అని నేను తిట్టాను. జేసీబీ నీ మీదికే వస్తదా, ఆగుతదా చూద్దామన్నాను. లోకంలో ప్రతి విషయానికీ ఒక మాట అనే మా అవ్వ ఈ ఒక్క విషయంలో ఏమీ అనలేదు. ఫోన్ ఇస్తే 'తిన్నవా బిడ్డా' అని అడిగి, మళ్ళీ కోడలికే ఇచ్చేది.

మూడో పెట్టె మొదటి పది రోజులు ఖాళీగా ఉంది. లోపల తేమ సరిపడేలా అమర్చాక గాని ఆ వస్తువును పెట్టరని చెప్పారు. పదకొండో రోజు ఉదయం నేను డ్యూటీకి వెళ్ళేసరికి పెట్టారు. ఒక మట్టి దిమ్మె. చుట్టూ ప్లాస్టర్ పోసి, నేల నుంచి అలాగే కోసి, ఎత్తి తెచ్చారు. మధ్యలో ఒక పసిబిడ్డ ఎముకలు, మోకాళ్ళు ముడుచుకుని, పక్కకు తిరిగి. తొడ ఎముక నా చూపుడు వేలంత ఉంది. అంతకన్నా పోలికలు చెప్పను.

పక్కన రాసి ఉన్నది చదివాను. ఆ పట్నంలో పెద్దవాళ్ళు చనిపోతే ఊరి బయట, రోడ్డుకు రెండు వైపులా పాతిపెట్టారు. నివాసాల మధ్య శవం ఉండకూడదని రోమన్ల చట్టం. ఆ చట్టం పసిపిల్లలకు వర్తించలేదు. వాళ్ళను ఇంటి గోడ వెంట, చూరు కింద, వాన నీళ్ళు జారిపడే చోట పాతిపెట్టేవాళ్ళు. నలభై రోజులు నిండని పిల్లల సమాధులకు లాటిన్‌లో వేరే పేరే ఉందట. ఎందుకలా చేశారో తెలియదని కూడా రాశారు. ప్రేమ కొద్దీ కావచ్చు, ఇంకా మనుషుల్లో కలవని ప్రాణమని కావచ్చు.

ఆ రోజు విశ్రాంతి సమయంలో కోనసీమ అతను వచ్చి, "చోటు మార్చుకుందామా మాస్టారూ? ఆ పొయ్యి దగ్గర నిలబడి నిలబడి నాకు ఆకలేస్తంది," అన్నాడు. నా ముఖం చూసి అలా అన్నాడని తెలుసు. వద్దన్నాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నేను ఖతర్ వచ్చిన ఐదో నెలలో నా భార్యకు తొలి కాన్పు అయింది. ఆమెకు తల్లి లేదు గనక కాన్పు మా ఇంట్లోనే. ఆడపిల్ల. తొమ్మిదో రోజు చనిపోయింది. నాకు సెలవు దొరకలేదు. ఇరవై ఒకటో రోజు దాటితే గాని మా ఇంట్లో బిడ్డకు పేరు పెట్టరు, ఫోటో తీయరు. అందుకని పేరూ లేదు, ఫోటో లేదు. పెట్టి వచ్చామని మా అవ్వ ఫోన్లో చెప్పింది. ఎక్కడ అని నేను అడగలేదు. అడగరు. పసిబిడ్డకు కాష్టం లేదు, దినాలు లేవు, గుర్తుకు రాయి లేదు. పాతిపెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా వస్తారు. ఆ తర్వాత ఆ మాట ఎత్తరు. ఊరి వాగు ఒడ్డున అయి ఉంటుందని నేనే అనుకున్నాను. ఆరేళ్ళు అలాగే అనుకున్నాను.

ఆ సాయంత్రం డ్యూటీ దిగి ఇంటికి ఫోన్ చేశాను. పెట్టెలో చూసింది నా భార్యకు చెప్పాను. చెప్పడానికి పెద్ద కారణం లేదు. ఒక్కరోజైనా ఇల్లు ఖాళీ చేసే గొడవ కాకుండా వేరే మాట మాట్లాడదామని.

"చూరు కిందనా?" అంది.

"ఆ, గోడ పక్కన."

"ఎన్నేండ్ల కిందటి ముచ్చట?"

"పద్దెనిమిది వందల ఏండ్లు ఉంటయట."

లైను పోయిందనుకుని హలో అన్నాను.

"మన బిడ్డ గూడ ఆడనే ఉన్నది," అంది.

నాకు అర్థం కాలేదు. ఆడనే అంటే ఎక్కడ అని అడిగాను. ఆమె తొందరపడకుండా చెప్పింది.

"నేను మంచంల పన్న. తెల్లారుగట్ల గోడ అవతల గడ్డపార సప్పుడైంది. నడుమ ఆగింది, మల్ల అయింది. జర సేపటికి అత్తమ్మ వచ్చి కాళ్ళు కడుక్కున్నది. నేను అడగలె. ఆమె చెప్పలె."

"నీకు ఎరుకైనట్టు అవ్వకు ఎరుకనా?"

"లేదు."

"ఆరేండ్ల సంది?"

"ఆరేండ్ల సంది."

"వెనక గోడ... గద్దె ఉన్న కాడనా?"

"గద్దె కిందనే. నేను వద్దన్న గద. అటు పక్కకు ఎయ్యమన్న. నీళ్ళు అటు పారవన్నవు."

రెండేళ్ళ కింద సెలవు మీద పోయినప్పుడు గ్లాసులు కడుక్కోవడానికి వెనక సిమెంటు గద్దె నేనే వేశాను. మేస్త్రీని కూడా పిలవలేదు. కాళ్ళతో మట్టి తొక్కి గట్టిపరిచాను. కంకర పోశాను. సిమెంటు కలిపి పోసి, చెక్కతో సాపు చేసి, కాలు జారకుండా పుల్లతో గీతలు గీశాను. ఆ రోజు ఆమె అన్నం తినలేదు. ఒక్కపొద్దా అని అడిగితే ఔనంది. అప్పటి నుంచి హోటలు గ్లాసులన్నీ అక్కడే కడుగుతున్నారు. నేను కూడా అక్కడే కూర్చుని గడ్డం గీసుకున్నాను, పాపకు స్నానం చేయించాను.

ఫోన్ పెట్టేశాక నేను ఫ్లాట్ మెట్ల మీదే ఉండిపోయాను. ఏడుపు రాలేదు. కాళ్ళతో తొక్కిన సంగతి ఒక్కటే గుర్తుకొస్తోంది. ఎన్నిసార్లు తొక్కానో లెక్క పెట్టడానికి ప్రయత్నించాను.

మర్నాడు ఎమర్జెన్సీ సెలవు అడిగాను. ఇంట్లో ఎవరైనా చనిపోతే ఇస్తారు. మా సూపర్‌వైజర్ నేపాలీ, వయసు మీద పడిన మనిషి, మాతో హిందీలో మాట్లాడతాడు.

"ఎవరు పోయారు భాయ్?"

"నా బిడ్డ."

ఆయన కుర్చీలోంచి లేచాడు. నా భుజం మీద చెయ్యి వేశాడు. "ఎప్పుడు?"

"ఆరేళ్ళ కింద."

చెయ్యి తీశాడు. నా ముఖం చూశాడు. నేను తాగి రాలేదని నమ్మకం కుదిరాక మళ్ళీ కూర్చున్నాడు.

"ఫారంలో తేదీ రాయాలి భాయ్. ఈ తేదీ రాస్తే ఆఫీసువాళ్ళు నన్ను పిచ్చోడంటారు. మాఫీ. కుదరదు." ఫారం వెనక్కి ఇచ్చాడు. "అప్పుడెందుకు పోలేదు?" అని అడిగాడు.

"ఆరు నెలలు నిండలేదన్నారు."

ఆయన చాయ్ తెప్పించాడు. నా మామూలు సెలవుకు ఇంకా నాలుగు నెలలుంది.

ప్రదర్శనతో పాటు ఆ దేశం నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. వస్తువులు చెడిపోకుండా చూసుకోవడం ఆమె పని. ఆ పట్నం తవ్వకంలో కూడా పనిచేసిందట. ఆదివారం పొద్దున హాలు తెరవకముందే వచ్చి, పెట్టెల్లో తేమ ఎంతుందో చూసి రాసుకుని పోతుంది. ఆమె మూడో పెట్టె దగ్గరికి వచ్చినప్పుడు, అడగకుండా మాట్లాడకూడదనే నియమం తప్పాను. ఆరేళ్ళ కింద పాతిపెట్టిన పసిబిడ్డను ఎలా బయటికి తీయాలి అని ఇంగ్లీషులో అడిగాను.

ఆమె నన్ను చూసింది. ఎందుకని అడిగింది. చెప్పాను. రోడ్డు సంగతి, గద్దె సంగతి కూడా చెప్పాను. చేతిలో ఉన్న పుస్తకం మూసేసింది.

"ఈ బిడ్డ కూడా రోడ్డు వల్లే బయటపడింది. పాత రోడ్డు మీదే కొత్త రోడ్డు వెడల్పు చేయబోతే, ముందు మమ్మల్ని తవ్వమన్నారు. మాకు ఏడాది పైనే ఇచ్చారు. మీకెంత సమయముంది?"

"పదిహేను రోజులు."

ఎలాంటి మట్టి అని అడిగింది. నల్లరేగడి, సున్నపు రాళ్ళు కలిసి ఉంటుందన్నాను. అయితే ఎముకలు ఉండవచ్చు, కానీ ఆ మట్టి ఎండకు పగులుతుంది, వానకు ఉబ్బుతుంది, విరిగి కదిలిపోయి ఉండవచ్చు అంది. గద్దె పగలగొట్టేదాకానే గడ్డపార. ఆ తర్వాత చెంచా, వెదురు పుల్ల. నీళ్ళు పోయకూడదు. వేళ్ళ ఎముకలు బియ్యపు గింజంత ఉంటాయి, రాళ్ళని పారేయకూడదు. తేల్చుకోలేకపోతే ఆ చుట్టూ ఉన్న మట్టి మొత్తం తీసుకోవాలి. నేను జేబులోని డ్యూటీ కాగితం వెనక రాసుకున్నాను.

"ఇంకొకటి," అంది. "ఏమీ దొరకకపోవచ్చు. తవ్వేవాళ్ళకు ఆ మాట ముందే చెప్పండి. లేకపోతే తామే పాడు చేశామనుకుంటారు."

ఇంటికి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టమని, ఇద్దరితోనూ మాట్లాడాను. గోడ పక్కన బిడ్డ ఉన్న సంగతి కోడలికి ఎప్పుడో తెలుసనీ, బయటికి తీయాలనుకుంటున్నామనీ ముందు అవ్వకు చెప్పాను.

"నీకెవలు జెప్పిండ్రే?" అని అవ్వ కోడల్ని అడగడం వినిపించింది.

"నీ గడ్డపార జెప్పింది."

అవ్వ తప్పు చేసినట్టు కాదు, పాఠం చెప్పినట్టు చెప్పింది. "తొలుసూరు బిడ్డ. దూరం పెడ్తె నక్కలు తవ్వుకపోతయి, నక్కలు కాకపోతె మంత్రగాళ్ళు తవ్వుకపోతరు. ఇంటికాడ పెడ్తె మల్ల ఇంటికే వస్తది. మా అత్త గూడ గట్లనే జేసింది. వచ్చింది గదా మరి? రెండేండ్లకు ఈ పొల్ల పుట్టింది గదా? ఇగ ఆడేమున్నది, ఉత్త మట్టి. రోడ్డెయ్యనీ."

"ఇది ఇది, అది అది, అత్తమ్మా," అంది నా భార్య. "ఈ పొల్ల పుట్టినప్పుడు నాకు కొత్తగనే నొప్పులొచ్చినయి. పాతయి తగ్గలె."

"తవ్వి తీసుడు మనలో లేదు."

"గద్దె ఏసుడు ఉన్నదా?"

ఆ మాట అవ్వకు కాదు, నాకు.

"తీసి ఏడ పెడ్తవు?" అని అవ్వ అడిగింది. "కిరాయింట్ల పెడ్తవా?"

"ఊరి శ్మశానంల పెడ్త. రాయి గూడ పెడ్త."

"తొమ్మిది దినాల పిల్లకు రాయా. నవ్వుతరు."

"నవ్వనియ్."

చివరికి అవ్వ అంది: "గద్దె పలగ్గొట్టుడు ఆడోళ్ళతోని కాదు. పంక్చరాయినెను పిలువు. పలగ్గొట్టి పొమ్మను, ఉండద్దను."

శుక్రవారం మ్యూజియం మధ్యాహ్నం తెరుస్తారు. మా బస్సు పదకొండున్నరకు. తొమ్మిదింటికి ఫ్లాట్ పైకి వెళ్ళే మెట్ల మీద కూర్చుని వీడియో కాల్ చేశాను. కింద మలుపులో కోనసీమ అతను నిలబడి, బట్టలు ఆరేయడానికి పైకి వచ్చేవాళ్ళను ఆపుతున్నాడు.

"కాసేపాగండి బాబూ, మాస్టారు ఇంటికి మాట్లాడుతున్నారు."

"రోజూ మాట్లాడతడు గదా."

"ఇయ్యాల వేరు. మీ లుంగీ ఓ గంట తర్వాత ఆరినా కొంపలు మునగవు."

పాపను అంగన్‌వాడీలో దింపి వచ్చారు. గద్దె అప్పటికే నాలుగు ముక్కలై పక్కన ఉంది. నేను గీసిన గీతలు కనిపిస్తున్నాయి. ఫోన్‌ను బకెట్‌కు ఆనించి పెట్టారు. అవ్వ చూరు అంచు చూసి, నేల చూసి, జానతో కొలిచి, "ఈడ," అంది. ఒక్కసారే అంది, తడుముకోలేదు.

నా భార్య చెంచాతో తవ్వింది. నేను కాగితం చూసి చెబుతున్నాను: పక్క నుంచి రా, లోతుకు గుచ్చకు, ఆ మట్టి పారేయకు, జల్లెడలో పోయ్. నా గొంతు నాకే బడిలో పాఠం చెప్పినట్టు వినిపించింది. అయినా ఆపలేదు. ఆపితే ఏమవుతుందో తెలియదు. ఏమీ దొరకకపోవచ్చు, దొరకకపోతే అది మీ తప్పు కాదు అని రెండుసార్లు చెప్పాను. రెండోసారి ఆమె, "ఇన్న," అంది.

మోచేతి లోతు పోయాక గులాబి రంగు గుడ్డ కనిపించింది. అవ్వ పాత చీర ముక్క. పాలిస్టరు గనక చివకలేదు. రంగు కూడా పోలేదు. అవ్వ లేచి గోడ వైపు తిరిగి నిలబడింది. నా భార్య వెదురు పుల్లతో మడత విప్పింది. ఆమె వీపే నాకు కనిపిస్తోంది. అది కదలడం ఆగిపోయింది.

"ఉన్నదా?" అని అడిగాను.

ఆమె చేతులు చీరకు తుడుచుకుని, ఫోన్ తీసుకుని, కిందికి వంచింది.

"నువ్వు సూడలే గద," అంది. "సూడు."

చూశాను. నేను అప్పటికి పన్నెండు రోజులుగా పరాయి బిడ్డ పక్కన నిలబడుతున్నాను. ఏ ఎముక ఎక్కడుంటుందో నాకు తెలుసు. అయినా ముందు ఏదీ పోల్చుకోలేకపోయాను. తర్వాత పోల్చుకున్నాను. తల నా వైపే ఉంది. కనురెప్ప వేయకుండా చూడాలనుకున్నాను. తెర మసకగా ఉందని తుడిచాను, మసక తెర మీద కాదు.

బిడ్డ పుట్టగానే ఎవరైనా మొదట అడిగే మాట నేను ఆ రోజు వరకు అడగలేదు. అడిగాను.

"ఎవల లెక్కుండె?"

నా భార్య ఫోన్ మళ్ళీ బకెట్‌కు ఆనించి, చెంచా తీసుకుంది. పని చేస్తూనే చెప్పింది. "ముక్కు నీదే. నీ లెక్కనే కొసకు మొద్దుగ. ఎంటికలు బాగుండె, మెడ మీదికి. చెవులు అత్తమ్మయి."

"నా చెవులు గంత పెద్దగున్నయా?" అంది అవ్వ, గోడ వైపు నుంచే.

"ఉన్నయ్ అత్తమ్మా."

అవ్వ కొంగు లాక్కుని చెవులు కప్పుకుంది. తర్వాత తిరిగి వచ్చి, కోడలికి ఎదురుగా కూర్చుని, తెల్ల గుడ్డ పరిచి పట్టుకుంది.

"ఏడుపెట్లుండె?" అని అడిగాను.

"సన్నగ. మేకపిల్ల లెక్క. రెండో దినం గట్టిగ ఏడ్చింది, రోడ్డు మీద లారీ ఆపి డ్రైవర్ తొంగి సూసిండు."

"పాలు తాగెనా?"

"తాగె. ఆరో దినం దాక మంచిగ తాగె. ఎడమ దిక్కే తాగేది, కుడి దిక్కు పెడ్తె మొఖం తిప్పేది."

కింద నుంచి బస్సు వచ్చిందని పిలిచారు. కోనసీమ అతను పైకి వచ్చి, నా యూనిఫాం చొక్కా మెట్టు మీద పెట్టి దిగిపోయాడు. నేను చొక్కా వేసుకుంటూ, కళ్ళు ఏ రంగులో ఉండేవి అని అడిగాను.